పురుగు విషం పరాన్నజీవిని ఏ దారి పట్టిస్తుంది?

చీమలబారు (చర్చ ప్రారంభం)

కీటకాల రసాయన రక్షణల మాట వస్తే మన చర్చ ఎక్కువగా పక్షులు, బల్లులు, సాలెపురుగుల చుట్టూనే తిరుగుతుంది. చేదు పురుగును పక్షి ఒకసారి నోట పెట్టుకుని ఉమ్మేస్తుంది, మళ్ళీ దాని జోలికి పోదు. పరాన్నజీవికి ఆ వెసులుబాటు లేదు. విషమున్న ఒంట్లోనే అది పెరగాలి, అక్కడి నుంచే తన సంతానాన్ని మరో ఒంటికి పంపుకోవాలి. అందువల్ల విషం దానిపై తెచ్చే ఒత్తిడి వేటాడే జంతువుపై తెచ్చే ఒత్తిడి కంటే ఎక్కువ కాలం, ఎక్కువ దశల్లో పనిచేస్తుందని నా అభిప్రాయం. పరాన్నజీవి అనే మాటను ఇక్కడ విశాలార్థంలో వాడుతున్నాను. శిలీంధ్రాలు, ఏకకణ జీవులు, నులిపురుగులతో పాటు, ఇతర కీటకాల ఒంట్లో గుడ్లు పెట్టి చివరికి వాటిని చంపే పరాన్న కందిరీగలను, ఈగలను కూడా కలుపుకుందాం.

నిల్వ పిండిలో బతికే ఎర్ర పిండి పురుగును తీసుకోండి. అది తన గ్రంథుల నుంచి బెంజోక్వినోన్లు అనే ఘాటైన పదార్థాలను బయటికి వదులుతుంది. అవి చుట్టూ ఉన్న పిండిలో కలిసి సూక్ష్మజీవులను, శిలీంధ్రాలను అణిచిపెడతాయి. పురుగులు మరీ ఎక్కువైతే పిండి గులాబీ రంగుకు తిరుగుతుంది. అయినా బోవేరియా బాసియానా అనే శిలీంధ్రం అప్పుడప్పుడు ఈ పురుగును చంపగలుగుతోంది. తరతరాలుగా క్వినోన్ల మధ్య బతకవలసి వచ్చిన శిలీంధ్రం మరింత ప్రాణాంతకంగా మారుతుందా, సాధువుగా మారుతుందా? రెండు వాదనలూ నాకు సమంజసంగానే కనిపిస్తున్నాయి కాబట్టి సభ్యుల అభిప్రాయాలు కోరుతున్నాను.

సిద్ధబీజం

చీమలబారు గారూ, విషం ఎంత ఘాటుగా ఉందన్న దానికంటే అది పరాన్నజీవి జీవితంలో ఏ మెట్టు దగ్గర దెబ్బ తీస్తుందన్నది ముందు చూడాలి. ఈ విషయంలో మనకు పనికొచ్చే సిద్ధాంతం టీకాల అధ్యయనం నుంచి వచ్చింది. 2001లో సిల్వాన్ గాండన్, ఆండ్రూ రీడ్ తదితరులు నేచర్ పత్రికలో అసంపూర్ణ టీకాల గురించి ఒక గణిత నమూనాను ప్రచురించారు. రోగకారకం ఒంట్లోకి రాకుండానే ఆపే టీకా వల్ల రోగతీవ్రత పెరగదని, పైగా తగ్గవచ్చని ఆ నమూనా చెప్పింది. లోపలికి వచ్చిన రోగకారకం పెరుగుదలను మాత్రమే మందగింపజేసే టీకా సంగతి వేరు. అక్కడ నెమ్మదిగా పెరిగే రకాలు వెనకబడిపోతాయి, వేగంగా పెరిగే ఉగ్రమైన రకాలు నెగ్గుకొస్తాయి. ఆ ఉగ్రత వల్ల అతిథేయి (పరాన్నజీవి ఆశ్రయించిన జీవి) త్వరగా చనిపోయే నష్టాన్ని టీకాయే కొంత తగ్గిస్తుంది కనుక, ప్రకృతివరణం వాటికి అడ్డు చెప్పదు. 2015లో కోళ్ళకు వచ్చే మారెక్స్ వ్యాధి మీద రీడ్ బృందం చేసిన ప్రయోగాలు దీనికి బలం చేకూర్చాయి. టీకా వేయని కోళ్ళను ఇట్టే చంపేసి తామూ అంతరించే అతి తీవ్రమైన వైరస్ రకాలు, టీకా వేసిన కోళ్ళలో ఎక్కువ కాలం నిలిచి ఇతర కోళ్ళకు వ్యాపించాయి.

పురుగు విషాన్ని ఈ కోణంలో చూస్తే రెండు వర్గాలు ఏర్పడతాయి. పిండి పురుగు క్వినోన్లు ఒంటి బయట, శిలీంధ్రం చర్మాన్ని తొలిచేలోపే పనిచేస్తాయి కాబట్టి అవి గుమ్మం దగ్గరి కాపలా. రక్తంలోనో పేగుల్లోనో ఉండే విషాలు ఇంట్లోకి చొరబడినవాణ్ణి ఎదిరిస్తాయి. మొదటి రకం రోగతీవ్రతను పెంచదని, రెండో రకం పెంచుతుందని ప్రాథమికంగా ఆశించవచ్చు.

ఇంకొక మాట. బోవేరియా ఇక్కడ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2015లో నికోలస్ పెడ్రీని, నెమత్ కేహాని తదితరులు ఈ శిలీంధ్రంలో క్వినోన్లను నిర్వీర్యం చేసే ఒక ఎంజైమును గుర్తించారు. దాని జన్యువును తొలగిస్తే శిలీంధ్రం పిండి పురుగును చంపే శక్తి తగ్గింది, ఆ జన్యువు ఎక్కువగా పనిచేసేలా చేస్తే పెరిగింది. అంటే విషాన్ని విరిచే సామర్థ్యమే ఈ అతిథేయి విషయంలో రోగతీవ్రతలో ఒక భాగమైపోయింది.

గొంగళి

సిద్ధబీజం గారి విభజన చక్కగా ఉంది కానీ, మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఆ గీతను చెరిపేస్తుంది.

మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు జిల్లేడు కుటుంబానికి చెందిన పాలమొక్కల ఆకులు తిని, వాటిలోని కార్డినోలైడ్లు అనే గుండె విషాలను ఒంట్లో దాచుకుంటాయి. ఈ సీతాకోకచిలుకకు ఆఫ్రియోసిస్టిస్ ఎలెక్ట్రోసిర్రా అనే ఏకకణ పరాన్నజీవి ఉంది. సోకిన తల్లి గుడ్లు పెట్టేటప్పుడు దాని పొట్టను అంటుకుని ఉన్న సిద్ధబీజాలు (స్పోర్లు) గుడ్ల మీద, ఆకుల మీద రాలుతాయి. పిల్ల పురుగు గుడ్డు పెంకును, ఆకును తింటూ వాటిని మింగుతుంది. పరాన్నజీవి పేగు గోడ దాటి చర్మం కింది పొరలో పెరిగి, ప్యూపా దశలో విపరీతంగా వృద్ధి చెందుతుంది. మితిమీరి పెరిగితే సీతాకోకచిలుక ప్యూపా నుంచి సరిగ్గా బయటపడలేదు, పరాన్నజీవి వంశమూ అక్కడితో ఆగిపోతుంది. మరీ తక్కువ పెరిగితే తర్వాతి తరానికి అందే సిద్ధబీజాలు చాలవు. మధ్యస్థంగా పెరిగే రకాలే ఎక్కువగా నెగ్గుకొస్తాయని 2008లో యాప్ డి రోడ, సోనియా ఆల్టిజర్ తదితరులు చూపారు.

కార్డినోలైడ్లు ఎక్కువగా ఉన్న ఉష్ణమండల పాలమొక్క మీద పెరిగిన పురుగులకు ఈ పరాన్నజీవి తక్కువగా సోకుతుంది. సోకిన ఆడ సీతాకోకచిలుకలు ఎక్కువ విషమున్న మొక్కను ఎంచుకుని గుడ్లు పెడతాయని 2010లో డి రోడ బృందం ప్రయోగశాలలో గమనించింది. తల్లికి నయం కాదు, పిల్లలకు రక్షణ దొరుకుతుంది. నిజానికి ఇది అరువు తెచ్చుకున్న రసాయన రక్షణ.

అసలు విషయం ఇది. ఆ మొక్క విషం ఏ మెట్టు దగ్గర దెబ్బ కొడుతోందో 2011లో అదే బృందం పరీక్షించింది. ఒంట్లో పెరుగుతున్న పరాన్నజీవిని అణచడం కంటే, పేగులో మొదట నిలదొక్కుకునే పరాన్నజీవుల సంఖ్యను తగ్గించడమే దాని ప్రధానమైన పని అని ప్రయోగం సూచించింది. సిద్ధబీజం గారి లెక్కలో ఇది గుమ్మం దగ్గరి కాపలాయే, కాబట్టి రోగతీవ్రత పెరగకూడదు. కానీ డి రోడ బృందం గణిత నమూనా అందుకు విరుద్ధమైన ఫలితాన్నిచ్చింది. లోపలికి చేరే మోతాదు తగ్గినప్పుడు, చేరిన కొద్దిపాటి పరాన్నజీవులే వేగంగా పెరిగి ఆ లోటును పూడ్చుకోవాలి. అందువల్ల ఒక్కొక్క పరాన్నజీవి వృద్ధిరేటు పెరిగే దిశలో వరణం జరుగుతుంది. అటువంటి రకం విషం లేని మొక్క మీద పెరిగిన పురుగును పట్టుకుంటే, దాని ఉగ్రత పూర్తిగా బయటపడుతుంది.

సిద్ధబీజం

గొంగళి గారు చెప్పిన సవరణ శిలీంధ్రానికీ వర్తిస్తుంది. కాపలావాడు పది మందిలో తొమ్మిది మందిని ఆపి ఒకణ్ణి లోపలికి వదిలితే, ఆ ఒక్కడు ఎలాంటివాడన్నదే మిగతా కథను నిర్ణయిస్తుంది. పిండిలోని క్వినోన్లు పురుగు చర్మం మీద మొలకెత్తే సిద్ధబీజాల సంఖ్యను తగ్గిస్తాయి, అంటే మోతాదును తగ్గిస్తాయి. అయితే మోతాదుకు, లోపలి పెరుగుదలకు ఎంత గట్టి సంబంధం ఉందన్నది ఒక్కొక్క పరాన్నజీవికి ఒక్కొక్క తీరుగా ఉంటుంది. మోనార్క్ పరాన్నజీవికి ప్యూపా దశ ముగిసేలోపే పని పూర్తిచేయాలనే గడువు ఉంది, అందువల్ల ఎంతమందితో మొదలైందన్నది చివరి లెక్కను బలంగా శాసిస్తుంది. బోవేరియాకు అటువంటి గడువు లేదు. అది పురుగును చంపిన తరువాత శవం మీద సిద్ధబీజాలను ఉత్పత్తి చేస్తుంది. కాబట్టి రెండింటికీ ఒకే జోస్యం చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఆరుకాళ్ళు

ఈ వాదన అంతా రోగతీవ్రత అనే ఒక్క కొలబద్ద మీదే నడుస్తోంది. పరాన్న కందిరీగల విషయంలో ఆ కొలబద్ద చెల్లదు. కందిరీగ పిల్ల బతికి బట్టకట్టిందంటే అతిథేయి చావవలసిందే, అక్కడ ఎక్కువ తక్కువలు లేవు. కాబట్టి విషం మార్చేది మరికొన్ని లక్షణాలను. ఎంత విషాన్ని తట్టుకోగలదు, ఎన్ని జాతుల అతిథేయులను వాడుకోగలదు, అతిథేయిని ఎలా వెతుక్కుంటుంది అనేవి అందులో ముఖ్యమైనవి.

పండ్ల మీద తిరిగే చిన్న ఈగ డ్రోసోఫిలాను చూడండి. దాని పిల్లలు పులిసిన పండులో, ఆల్కహాలు మధ్యే పెరుగుతాయి. 2012లో టాడ్ ష్లెంకీ బృందం ప్రచురించిన ప్రయోగాలలో, 6 శాతం ఆల్కహాలు ఉన్న ఆహారం తిన్న పిల్లలలో లెప్టోపిలినా హెటెరోటోమా అనే కందిరీగ పిల్లలు ఎక్కువగా చనిపోయాయి. కందిరీగ గుడ్డు పెట్టిన ఈగ పిల్లలు ఆల్కహాలు ఉన్న ఆహారం వైపు ఎక్కువగా కదిలాయి కూడా. అదే ప్రజాతికి చెందిన లెప్టోపిలినా బౌలార్డీ మాత్రం ఆల్కహాలును ఎంతో మెరుగ్గా తట్టుకుంది. మొదటిది అనేక డ్రోసోఫిలా జాతుల మీద బతికేది, రెండోది డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అనే జాతికి, దాని దగ్గరి బంధువులకు పరిమితమైనది. అతిథేయి రసాయన రక్షణను దాటగలిగే శక్తి, ఒకే రకం అతిథేయికి కట్టుబడిపోవడం ఇక్కడ కలిసి కనిపిస్తున్నాయి. రెండు జాతుల పోలికతో సూత్రం కట్టలేం కానీ, పొగాకు మొక్కను తినే మాండూకా గొంగళిపురుగులోనూ ఇటువంటి పోలికే ఉంది. ఆ పురుగు ఆహారంలోని నికోటిన్‌ను దాని ప్రత్యేక కందిరీగ కోటీసియా కాంగ్రిగాటా తట్టుకున్నంతగా, అనేక అతిథేయులను వాడుకునే హైపోసోటర్ కందిరీగ తన అతిథేయి ద్వారా వచ్చే నికోటిన్‌ను తట్టుకోలేకపోయింది.

చీమలబారు

ఆరుకాళ్ళు గారూ, తట్టుకునే శక్తి అంటున్నారు కదా, అది అణువుల స్థాయిలో ఎక్కడ కనిపిస్తుంది? బోవేరియాలో విషాన్ని విరిచే ఎంజైము ఉంది. కందిరీగలు, నులిపురుగులు కూడా ఆ దారే పట్టాయా?

గొంగళి

కార్డినోలైడ్ల విషయంలో మరో దారి బాగా తెలుసు. ఈ విషం జంతు కణాలలో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ పంపే సోడియం-పొటాషియం పంపు అనే ప్రోటీనుకు అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. మోనార్క్‌లో ఆ ప్రోటీను 111, 119, 122 స్థానాల్లోని అమైనో ఆమ్లాలు మారిపోయి, విషం అతుక్కోవడం కష్టమైంది. 2019లో నోవా వైట్‌మన్ బృందం ఆ మూడు మార్పులనూ డ్రోసోఫిలా జన్యువులో ప్రవేశపెట్టి, కార్డినోలైడ్లను మోనార్క్‌లా తట్టుకునే ఈగలను తయారుచేసింది.

మన చర్చకు ఇంకా దగ్గరగా వచ్చేది 2021లో సైమన్ గ్రూన్, వైట్‌మన్ ప్రచురించిన పరిశీలన. పాలమొక్కలను తినే కీటకాలను తినేవాటి జన్యువులలో ఇవే స్థానాలను వారు పరిశీలించారు. మోనార్క్‌లను తినే నల్లతల గ్రోస్‌బీక్ అనే పక్షిలోను, ఒక ఎలుకలోను, కీటకాల గుడ్లలో తన గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా ప్రిటియోసమ్ కందిరీగలోను, నేలలో ఉండి కీటకాలను చంపే స్టైనర్‌నీమా కార్పోకాప్సే నులిపురుగులోను అటువంటి మార్పులు కనిపించాయి. మొక్క తయారుచేసిన విషం శాకాహారి కీటకాన్ని మార్చి, అక్కడి నుంచి ఆ కీటకం మీద బతికే కందిరీగను, నులిపురుగును కూడా అదే ప్రోటీనులో, అదే చోట మార్చిందన్నమాట. పరిణామానికి అందుబాటులో ఉన్న దారులు ఎంత కొద్దివో చూడండి.

ఈ మార్పులు ఉచితంగా రావు. 119వ స్థానంలో మార్పు లేకుండా మిగతావి ఉన్న ఈగలకు, గట్టిగా కుదిపినప్పుడు కొంతసేపు పక్షవాతం వచ్చినట్లయ్యేది. 119 మార్పు ఆ నష్టాన్ని తగ్గించింది. విషం లేని అతిథేయులు కూడా దొరికే చోట పరాన్నజీవి ఇటువంటి ఖర్చు ఎందుకు పెట్టుకోవాలి అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఆరుకాళ్ళు గారు చెప్పిన ప్రత్యేకీకరణకు మూలం ఇదేనని నా ఊహ.

పేనుబంక

మీరందరూ పురుగు స్వయంగా తయారుచేసిన విషాన్ని, మొక్క నుంచి తెచ్చుకున్న విషాన్ని లెక్కలోకి తీసుకున్నారు. పురుగు ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా తయారుచేసే విషాన్ని వదిలేశారు.

పేనుబంకలలో హామిల్టొనెల్లా డిఫెన్సా అనే సహజీవి బ్యాక్టీరియా ఉన్నప్పుడు, పరాన్న కందిరీగ గుడ్డు లేదా పిల్ల చాలావరకు లోపలే చనిపోతుంది. ఆ విషాల జన్యువులు బ్యాక్టీరియాలో దాగి ఉన్న ఏపీఎస్ఈ అనే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) వి. ఆ ఫేజ్ పోతే రక్షణా పోతుందని కెర్రీ ఆలివర్ తదితరులు 2009లో చూపారు. పురుగును బ్యాక్టీరియా, బ్యాక్టీరియాను వైరస్ ఆశ్రయించిన ఈ మూడంచెల ఏర్పాటులో, కందిరీగ ఎదుర్కోవలసినది అతిథేయి జన్యువులకంటే చాలా త్వరగా మారగల ఆయుధం.

దానికి కందిరీగ ఎలా స్పందిస్తుందో క్రిస్టోఫ్ ఫోర్‌బుర్గర్ బృందం ప్రయోగశాలలో పరిణామం జరిపించి చూసింది. సహజీవి ఉన్న నల్ల పేనుబంకల మీదే లైసిఫ్లెబస్ ఫాబారమ్ కందిరీగలను తరతరాలుగా పెంచితే, అవి కొన్ని తరాలలోనే ఆ రక్షణను అధిగమించడం నేర్చాయి. కానీ హామిల్టొనెల్లా ఒక రకం మీద పెరిగిన కందిరీగలకు వచ్చిన సామర్థ్యం మరో రకం మీద అంతగా పనిచేయలేదు. ఇది 2014లో వచ్చిన ఫలితం. పైన రోగతీవ్రత గురించి జరిగిన చర్చకు ఇది నేరుగా సమాధానం కాకపోయినా, ఒక ముఖ్యమైన తేడాను చూపిస్తుంది. కార్డినోలైడు వంటి విషాన్ని ఎదుర్కొనే మార్పు ఒకసారి వస్తే ఆ విషమున్న కీటకాలన్నింటి మీదా పనికొస్తుంది. రకానికో విషం ఉండే రక్షణ మాత్రం పరాన్నజీవిని ఏ ఒక్క రకం మీదో నిలబెట్టి, మిగతా రకాలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తుంది. ఒకే అతిథేయి జాతిలో అనేక రకాలు కలిసి మనుగడ సాగించడానికి ఇదొక కారణమని నమ్ముతాను.

ఆరుకాళ్ళు

ఇప్పటిదాకా అందరమూ విషం పరాన్నజీవికి ఆటంకమనే భావించాం. చాలా పరాన్నజీవులకు అది ఆశ్రయం, దారిచూపే గుర్తు కూడా. ఈ రెండు పాత్రలను విస్మరిస్తే పరిణామ చిత్రంలో సగం పోతుంది.

ఆశ్రయం సంగతి ముందు చెబుతాను. విషాన్ని దాచుకున్న గొంగళిపురుగును పక్షి గాని, చీమ గాని ముట్టకపోతే, దాని లోపల పెరిగే కందిరీగ పిల్లకు అంతకంటే భద్రమైన గూడు ఏముంటుంది? గ్రాంట్ జెంట్రీ, లీ డయర్ 2002లో చేసిన విశ్లేషణలో, రసాయన రక్షణ ఉన్న గొంగళిపురుగులలో పరాన్న కీటకాల బెడద ఎక్కువగా ఉన్నట్లు తేలింది. దీనికి మరో కారణం కూడా ఉండవచ్చు. ఇరిడాయిడ్ గ్లైకోసైడ్లు అనే మొక్కల విషాలను ఎక్కువగా తిన్న బకాయ్ సీతాకోకచిలుక గొంగళిపురుగుల ఒంట్లోకి చిన్న పూసలు ఎక్కించి చూస్తే, వాటిని నల్లని పొరతో కప్పివేసే రోగనిరోధక చర్య బలహీనపడిందని ఏంజెలా స్మైలానిచ్ తదితరులు 2009లో చూపారు. పరాన్న కీటకాల గుడ్లను అణచడానికి పురుగు వాడేది సరిగ్గా ఆ చర్యనే. విషాన్ని మోయడానికి పెట్టే ఖర్చు రక్తంలోని సైన్యానికి కోత పెడుతోందన్నమాట. కొంచెం ఎక్కువ విషం తట్టుకోగల కందిరీగకు ఇది రెండు విధాలా లాభం.

అయినా దీనికి ఎదురుగా నిలిచే వాదన ఒకటుంది. ఉష్ణమండలంలో చాలా వర్గాల కీటకాలు విస్తరించినా, ఇక్న్యూమోనిడ్ అనే కుటుంబానికి చెందిన పరాన్న కందిరీగల జాతుల సంఖ్య మాత్రం ఆశించినంతగా పెరగలేదు. 1992లో ఇయాన్ గాల్డ్, కెవిన్ గాస్టన్, డేనియల్ జాన్‌జెన్ దీనికి ప్రతిపాదించిన వివరణ, అక్కడి మొక్కలలోను, వాటిని తినే కీటకాలలోను విషాలు ఎక్కువ కాబట్టి అవి చాలా కందిరీగలకు అందుబాటులో లేవని. ఈ రెండు వాదనలూ ఒకదానినొకటి కొట్టివేస్తాయని నేను అనుకోను. జాతుల సంఖ్య, బెడద తీవ్రత వేర్వేరు కొలతలు. విషం గేటు దాటగలిగిన కొద్ది జాతులకే ఆ అతిథేయి దక్కుతుంది, దక్కిన జాతులు అక్కడ పోటీ లేకుండా దండిగా పెరుగుతాయి.

ఇక దారిచూపే గుర్తు. ఏడు చుక్కల అక్షింతల పురుగు ప్రమాదం వస్తే కీళ్ళ నుంచి చేదు రక్తాన్ని కారుస్తుంది. అందులోని ప్రీకాక్సినెల్లిన్ అనే ఆల్కలాయిడ్ వాసనకు డైనోకాంపస్ కాక్సినెల్లే అనే కందిరీగ ఆకర్షితమవుతుందని 2001లో ప్రచురితమైంది. బుల్లెట్ చీమలు పోట్లాడుకున్నప్పుడు దవడ గ్రంథుల నుంచి వెలువడే రసాయనాలను పసిగట్టి, అపోసెఫాలస్ పారాపోనెరే అనే చిన్న ఈగ గాయపడిన చీమ దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది. బొబ్బల పురుగు విషమైన కాంథరిడిన్ వాసన పట్టి వచ్చి, ఆ పురుగు రక్తాన్నే తాగే అట్రికోపోగాన్ దోమరకం ఈగలు ఉన్నాయి. శత్రువును తరమడానికి పురుగు ఎంత ఎక్కువ వాసన వెదజల్లితే, ఈ జీవులకు అంత తేలికగా దొరికిపోతుంది.

సిద్ధబీజం

మందలుగా బతికే కీటకాల గురించి కొంచెం చెప్పాలి. అక్కడ విషం ఒక్కొక్క పురుగుది కాక సమష్టి ఆస్తిగా పనిచేస్తుంది. లేసియస్ నెగ్లెక్టస్ చీమలు శిలీంధ్రం సోకిన ప్యూపాను దాని పట్టుగూటిలోంచి బయటికి తీసి, కొరికి, ఫార్మిక్ ఆమ్లం ఉన్న విషాన్ని పోసి, శిలీంధ్రం సిద్ధబీజాలను ఉత్పత్తి చేసే దశకు రాకముందే ప్యూపాతో సహా దాన్ని నాశనం చేస్తాయని 2018లో సిల్వియా క్రెమర్ బృందం వివరించింది. ఈ విషం దెబ్బ తీసేది వ్యాప్తి దగ్గర. ఒక్క పురుగుకు సోకినంత మాత్రాన ఆ శిలీంధ్రానికి ఒరిగేదేమీ లేదు.

ఇటువంటి సమాజంలో పరాన్నజీవి ఏమవుతుందన్న దానికి ఆ బృందమే 2023లో ప్రయోగాత్మకమైన జవాబు ఇచ్చింది. కీటకాలను చంపే శిలీంధ్రాలను ఒంటరి చీమల ద్వారా కొన్ని వంశాలుగా, తోటి చీమలతో కలిసి ఉన్న చీమల ద్వారా మరికొన్ని వంశాలుగా వరుసగా పెంచారు. తోటి చీమల సేవను ఎదుర్కొన్న శిలీంధ్రాలు ఎక్కువ సిద్ధబీజాలను ఉత్పత్తి చేశాయి, కానీ ఆ సిద్ధబీజాల రోగతీవ్రత తగ్గింది. పైగా వాటిని ఒంటికి పూసిన చీమలను తోటి చీమలు అంతగా శుభ్రం చేయలేదు. శిలీంధ్రపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఆ వంశాలలో తగ్గిపోయింది. శుద్ధమైన ఎర్గోస్టెరాల్‌ను పూస్తే చీమలు శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. అంటే శిలీంధ్రం అక్కడ కాపలావాడి ఆయుధాన్ని విరవకుండా, కాపలావాడి కంటబడకుండా పోయింది. ఈ ప్రయోగంలో ప్రధానమైన ఒత్తిడి విషం కంటే శుభ్రపరచడం నుంచి వచ్చినదే అయినా, దారి తప్పించుకోవడం అనే మూడో మార్గం ఉందని ఇది నిరూపించింది.

ఆకులు కోసే చీమల తోటలలో తిరగబడిన కథ కూడా ఉంది. ఆ చీమలు పెంచే శిలీంధ్రాన్ని తినే ఎస్కోవోప్సిస్ అనే పరాన్న శిలీంధ్రాన్ని, చీమల ఒంటి మీద ఉండే సూడోనోకార్డియా బ్యాక్టీరియా తన యాంటీబయాటిక్కులతో అణుస్తుంది. ఎస్కోవోప్సిస్ తయారుచేసే రెండు పదార్థాలలో ఒకటి ఆ బ్యాక్టీరియా పెరుగుదలను ఆపుతుందని, మరొకటి చీమల ప్రవర్తననే దెబ్బతీస్తుందని 2018లో తేలింది.

తేనెపట్టు

బంబుల్‌బీలు అనే బొద్దు తేనెటీగల పేగులో ఉండే క్రిథిడియా బాంబి అనే పరాన్నజీవి మీద ఎవాన్ పామర్-యంగ్ తదితరులు 2017లో చేసిన పని ఇక్కడ ఆలోచించదగినది. పూల మకరందంలో దొరికే థైమాల్, యూజినాల్ అనే రెండు పదార్థాలను విడివిడిగా, కలిపి ఆ పరాన్నజీవికి ఆరు వారాలు, అంటే దాని లెక్కలో దాదాపు 100 తరాలు, ఇస్తూ పోయారు. మొదట దాని పెరుగుదలను సగానికి పైగా తగ్గించిన గాఢతలు చివరికి దాదాపు పనిచేయకుండా పోయాయి. రెండు పదార్థాలను కలిపి వాడినా నిరోధకత రావడం ఆలస్యం కాలేదు. పైగా ఆ పదార్థాలు లేని చోట దాని పెరుగుదల తగ్గలేదు, అంటే గొంగళి గారు చెప్పిన ఖర్చు ఇక్కడ కనిపించలేదు. ఆరు వారాలలో ఇంత జరిగితే, లక్షల ఏళ్ళుగా కీటకాల విషాలు ఇంకా ఎలా పనిచేస్తున్నాయి?

పేనుబంక

తేనెపట్టు గారూ, ప్రయోగశాల సీసాలో పరాన్నజీవి తప్పించుకుపోయే చోటు లేదు, మధ్యలో విరామమూ లేదు. తేనెటీగ కడుపులోకి ఇవాళ ఒక పువ్వు మకరందం వస్తుంది, రేపు మరొకటి. థైమాల్‌ను తట్టుకునే రకానికి రేపు దొరికే మకరందంలో ఏ ప్రయోజనమూ ఉండకపోవచ్చు. రెండోది, సీసాలో లేని ఖర్చు తేనెటీగ పేగులో ఉండవచ్చు. అక్కడ మిగతా సూక్ష్మజీవులతో పోటీ పడాలి, పేగు గోడకు అంటుకోవాలి, మలంతో బయటపడి మరో తేనెటీగను చేరాలి. నా మట్టుకు, విషం ఎంత కాలం పనిచేస్తుందన్నది దాని ఘాటు మీద కంటే, పరాన్నజీవి తరాలలో ఎన్ని వరుసగా అదే విషాన్ని ఎదుర్కొంటాయన్న దాని మీద ఆధారపడుతుంది. ఒకే పంటను విస్తారంగా సాగుచేసే పొలాల్లో పూసే ఒకే రకం పూల దగ్గర పరిస్థితి సీసాకు దగ్గరగా వస్తుంది.

చీమలబారు

అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి ప్రశ్నను ఇప్పుడు ప్రయోగంగా అడగగలను. పిండి పురుగులో క్వినోన్ల తయారీకి అవసరమైన కొన్ని జన్యువులను ఆర్ఎన్ఏ జోక్యం అనే, జన్యువు పనిని ఆపే పద్ధతిలో అణచి, క్వినోన్లు లేని పురుగులను సృష్టించవచ్చని 2013లోనే చూపారు. అటువంటి పురుగుల ద్వారా కొన్ని బోవేరియా వంశాలను, మామూలు పురుగుల ద్వారా మరికొన్ని వంశాలను పది తరాలపాటు నడిపి, చివరికి రెండింటినీ రెండు రకాల పురుగుల మీదా పరీక్షిస్తే సరిపోతుందా?

సిద్ధబీజం

ఒక్కటి చాలదు. మామూలు పురుగుల వంశాలలో శిలీంధ్రం మారినప్పుడు, అది క్వినోన్లను విరిచే శక్తి పెరగడం వల్లనా, మోతాదు తగ్గినందుకు లోపలి పెరుగుదల వేగం పెరగడం వల్లనా అన్నది మీకు తెలియదు. కాబట్టి మూడో వరుస కావాలి. క్వినోన్లు లేని పురుగులనే వాడుతూ, మామూలు పురుగు మీద మొలకెత్తగలిగినన్ని సిద్ధబీజాలను మాత్రమే వాటికి పూయాలి. ఆ వంశాలలో కూడా ఉగ్రత పెరిగితే గొంగళి గారు చెప్పిన మోతాదు వాదన శిలీంధ్రంలోనూ నిలుస్తుంది. పెరగకపోతే, మామూలు పురుగుల వరుసలో కనిపించిన తేడాకు విషమే కారణం. మరొక జాగ్రత్త ఏమిటంటే, క్వినోన్లు పిండిలో పేరుకుంటాయి కనుక ప్రతి తరానికీ కొత్త పిండి వాడాలి. లేకపోతే మొదటి తరం శిలీంధ్రానికి, పదో తరం శిలీంధ్రానికి ఎదురైన విషం గాఢత ఒకటి కాదు.

గొంగళి

దానికి తోడు, చివరి పరీక్షలో సిద్ధబీజాలను చర్మం మీద పూయడంతో ఆగకుండా, కొన్నింటిని సూదితో నేరుగా పురుగు ఒంట్లోకి ఎక్కించి చూడండి. చర్మం దగ్గరి కాపలాను దాటించినప్పుడు కూడా వంశాల మధ్య తేడా మిగిలితే, మారినది లోపలి పెరుగుదలే. ఆ తేడా మాయమైతే, పరిణామం జరిగినది గుమ్మం దగ్గరే.